వేర్లు నీటిలో, ఆకులు గాలిలో: నీటిపైకి ఎదిగే మొక్కలతో ఆక్వేరియం ఏర్పాటు

నీటి అడుగున మొక్కలు పెంచడంలో చేయి తిరిగినవారు కూడా నీటిపైకి మొక్కలు తేవాలనుకున్నప్పుడు తరచు మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. కొత్తగా పెట్టిన మొక్క మొదలు ఎందుకు కుళ్లుతోంది? అడుగున ఉన్న మొక్కలు ఎందుకు చిక్కిపోతున్నాయి? నీరు ఇంత త్వరగా ఎందుకు తగ్గుతోంది? ఈ మూడింటికీ మూలం చాలావరకు ఒక్కటే. తొట్టె అంతా అమర్చి, అంచు దాకా నీరు నింపిన తర్వాత పై మొక్కల గురించి ఆలోచించడం. నిజానికి నీటి మట్టం ఎక్కడ నిలవాలో ముందుగా తేలితే తప్ప వడపోత, దీపం, మొక్కలు, చేపలు వేటినీ సరిగా ఎంచుకోలేము. అందుకే ఈ మార్గదర్శి అక్కడి నుంచే మొదలవుతుంది.

1. నీటి గీతను ముందుగా గీయండి

ఖాళీ తొట్టెకు బయటి వైపున, అడుగు నుంచి మూడింట రెండు వంతుల ఎత్తులో ఒక టేపు అతికించండి. ఉదాహరణకు 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 36 సెం.మీ. ఎత్తు ఉన్న తొట్టెలో ఆ గీత దాదాపు 24 సెం.మీ. దగ్గర వస్తుంది. పైన మిగిలే 12 సెం.మీ. వృథా జాగా కాదు. మొక్కల మొదళ్లు ఆ గాజు చాటున తేమలో ఉంటాయి, ఎగిరే చేపలకు అది కొంత అడ్డుగోడ అవుతుంది, వేర్లను సరిచేయడానికి చేతులు పెట్టినప్పుడు నీరు బయటకు పొర్లదు.

ఈ గీత ఒకసారి నిర్ణయించాక మారకూడదు. వారానికి నాలుగు సెంటీమీటర్లు తగ్గి, మళ్లీ ఒక్కసారిగా పెరిగే నీటిలో ఏ మొక్కా కుదురుకోదు, ఎందుకంటే నీటిలో పుట్టిన ఆకు తీరు ఒకటి, గాలిలో పుట్టిన ఆకు తీరు మరొకటి. నీటిలోని ఆకుపై తేమను పట్టి ఉంచే మైనపు పొర చాలా పలుచగా ఉంటుంది, కాబట్టి అది గాలికి తగిలితే కొన్ని గంటల్లోనే వడలిపోతుంది.

2. తొట్టె, బల్ల, వడపోత

పైన చెప్పిన కొలతల తొట్టెలో నీరు, అడుగు పొర, రాళ్లు, గాజు కలిపి బరువు 65 నుంచి 70 కిలోల వరకు ఉంటుంది. బల్ల కదలకూడదు, వంగకూడదు. నాలుగు మూలలా మట్టం చూసుకోండి. కిటికీ నుంచి నేరుగా ఎండ పడే చోటు వద్దు.

వడపోత విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తొట్టె అంచుకు తగిలించే ఫిల్టర్లు నీరు అంచు దాకా ఉంటుందనుకొని తయారైనవి. నీటి మట్టం తగ్గించినప్పుడు వాటి నుంచి పడే నీరు చప్పుడు చేస్తుంది, ఆకులపై చిందుతుంది. స్పాంజి ఫిల్టర్ గానీ బయట ఉంచే క్యానిస్టర్ ఫిల్టర్ గానీ ఈ ఏర్పాటుకు నప్పుతుంది. నీటిని పీల్చే గొట్టం చివర తప్పకుండా స్పాంజి తొడగండి. మనీ ప్లాంట్ వేరు ఒకసారి ఆ గొట్టంలోకి దూరిందంటే ఫిల్టర్ విప్పేదాకా బయటకు రాదు.

హీటర్ అవసరమైతే దాన్ని నిలువుగా కాక, అడుగుకు దగ్గరగా అడ్డంగా బిగించండి. నీరు ఆవిరై హీటర్ పైభాగం బయటపడితే గాజు పగిలే ప్రమాదం ఉంది. అన్ని తీగలూ ప్లగ్ పాయింట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. విద్యుత్ లీకైతే సరఫరాను ఆపే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్ ఉంటే మంచిది. చేయి నీటిలో పెట్టే ముందు అన్నీ ఆపివేయండి.

3. మొక్కలను ఎక్కడ పెరుగుతాయో దాన్నిబట్టి ఎంచుకోండి

పేరు, అందం చూసి కాక, మొక్కలో ఏ భాగం నీటిలో ఉండగలదో చూసి ఎంచుకోవాలి.

వేర్లు మాత్రమే నీటిలో ఉండేవి: మనీ ప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ, మాన్‌స్టెరా, లక్కీ బాంబూ, గొడుగు ఆకారపు తుంగ, పొట్టి అకోరస్. వీటి ఆకులు నీట మునిగితే కుళ్లిపోతాయి. చేమ కూడా బాగా వస్తుంది గానీ చిన్న తొట్టెను కొద్ది నెలల్లోనే కప్పేస్తుంది.

నీటిలో మొదలై పైకి లేచేవి: హైగ్రోఫిలా, లుడ్విజియా, బకోపా, రోటాలా, అమెజాన్ స్వోర్డ్. ఇవి రెండు చోట్లా బతుకుతాయి, కానీ చోటు మారిన ప్రతిసారీ కొత్త ఆకులు వేసుకుంటాయి.

నీడలో, నీటి అడుగున ఉండేవి: అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, బుసెఫలాండ్రా, జావా మాస్. పై మొక్కలు ఎదిగాక కింద వెలుతురు తగ్గుతుంది కాబట్టి మొదటి రోజు నుంచే నీడకు ఓర్చే వాటినే నాటండి. నేలపై పచ్చిక తివాచీలా పరచుకునే మొక్కలను ఈ తొట్టెలో ఆశించవద్దు. పై నీడ వాటిని బతకనివ్వదు.

మొదటిసారి చేసేవారికి నా సూచన: పైకి రెండే రకాలు, మనీ ప్లాంట్, పీస్ లిల్లీ. కింద మూడు రకాలు చాలు.

మనీ ప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ, మాన్‌స్టెరాల రసంలో కాల్షియం ఆక్సలేట్ సూదిమొన స్ఫటికాలు ఉంటాయి. చేమ దురదకు కారణం కూడా అవే. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. ఆకులు నమిలే పెంపుడు జంతువులకు, పసిపిల్లలకు అందకుండా చూడండి.

4. కుండీ మొక్కను నీటికి అలవాటు చేయడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కొంత వివరంగా చెబుతాను. మట్టిలో పెరిగిన వేరు మట్టి కణాల మధ్య ఉన్న గాలికి అలవాటు పడింది. దాన్ని తెచ్చి నీటిలో ముంచితే పాత వేర్లలో కొన్ని చనిపోవడం సహజం. వాటి స్థానంలో తెల్లగా, నున్నగా ఉండే నీటి వేర్లు పుడతాయి. ఈ మార్పు తొట్టెలో జరిగితే కుళ్లిన వేర్లు నీటిని పాడు చేస్తాయి. అందుకే ముందు బయట ఒక బకెట్‌లో ఈ పని పూర్తి చేయాలి.

1. మొక్కను కుండీ నుంచి తీసి, వేర్ల గడ్డను అరగంట నీటిలో నానబెట్టండి. మట్టి మెత్తబడ్డాక చేతి వేళ్లతో నెమ్మదిగా విదిలించండి.
2. సన్నని నీటి ధార కింద, నీరు తేటగా వచ్చేదాకా వేర్లను కడగండి. మట్టిలో కలిపిన తెల్లని తేలిక గుళికలు, రంగు ఎరువు గుళికలు ఒక్కటి కూడా మిగలకూడదు. నెమ్మదిగా కరిగే ఎరువు గుళిక తొట్టెలోకి వెళితే పాచి కమ్ముకోవడమే కాదు, అమ్మోనియా కూడా పెరగవచ్చు.
3. గోధుమ రంగులో మెత్తబడిన వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసేయండి. వేర్ల మొత్తంలో మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి కత్తిరించవద్దు.
4. క్లోరిన్ లేని నీరున్న బకెట్‌లో వేర్లు మాత్రమే మునిగేలా ఉంచండి. రెండు రోజులకొకసారి నీరు మార్చండి. రెండు, మూడు వారాల్లో కొత్త తెల్ల వేర్లు కనిపిస్తాయి.
5. ఈ వ్యవధిలో ఆకుల అడుగు భాగాన్ని తడి గుడ్డతో తుడవండి. మొక్కపై ముందే పురుగుమందు చల్లి ఉండవచ్చు, దాని అవశేషం రొయ్యలకు ప్రాణాంతకం. రొయ్యలు పెంచే ఉద్దేశం ఉంటే బకెట్ వ్యవధిని ఇంకో రెండు వారాలు పొడిగించండి.

నేను మొదటిసారి ఒక పీస్ లిల్లీని హడావుడిగా కడిగి, వేర్ల నడిమధ్య ఉన్న మట్టి ముద్దను చూడకుండా పెట్టాను. పది రోజులకు నీరు కుళ్లు వాసన కొట్టింది. వేర్ల గడ్డను చీల్చి చూడటానికి పట్టే అయిదు నిమిషాలు ఎప్పుడూ ఆదా చేయకండి.

కొమ్మ ముక్కలతో పని ఇంకా తేలిక. మనీ ప్లాంట్ తీగను కణుపుకు ఒక సెంటీమీటరు కింద కత్తిరించండి. కోసిన చోటు ఆరేందుకు కొన్ని గంటలు గాలికి ఉంచి, కణుపు నీటిలో, ఆకు బయట ఉండేలా పెట్టండి. వేరు పుట్టేది కణుపు దగ్గరే. కణుపు లేని ముక్క ఎన్ని వారాలున్నా కొత్త మొక్క కాదు.

5. అడుగు పొర, రాళ్లు, కొయ్య

ముందు వైపు 3 సెం.మీ., వెనుక వైపు 7 సెం.మీ. మందం సరిపోతుంది. క్రిప్టోకొరైన్, స్వోర్డ్ లాంటి వేర్లతో తినే మొక్కలుంటే పోషకాలున్న ఆక్వా సాయిల్ (ఆక్వేరియం కోసం తయారుచేసిన మట్టి గుళికలు) వాడండి, లేదా 1 నుంచి 2 మిల్లీమీటర్ల ఇసుకలో వేర్ల ఎరువు బిళ్లలు పెట్టండి. అనూబియాస్, జావా ఫెర్న్‌లకు అడుగు పొరతో పనిలేదు. వాటి దుంపకాండాన్ని పూడ్చితే కుళ్లుతుంది, కాబట్టి దారంతో రాయికో కొయ్యకో కట్టాలి.

రాయిపై కొద్దిగా వెనిగర్ పోసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉంది, నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది. కొయ్యను వారం, రెండు వారాలు నానబెట్టి మునిగేలా చేయండి. కొత్త కొయ్యపై వచ్చే తెల్లని జిగురు పొర హానికరం కాదు, కొన్ని వారాల్లో పోతుంది.

6. పై మొక్కలకు ఆధారం

గాజుకు అంటుకునే రబ్బరు కప్పుల బుట్టలు చూడటానికి బాగుంటాయి, కానీ మొక్క బరువు పెరిగాక, రబ్బరు గట్టిపడ్డాక ఒక రాత్రి జారి పడిపోతాయి. అంచుకు కొక్కెంతో వేలాడే బుట్టలే నమ్మదగినవి. ఇంకా మంచి పద్ధతి, నీటి గీత దాటి పైకి వచ్చే కొయ్య చీలికల్లో మొక్కను నిలబెట్టడం. అప్పుడు ఆధారం కంటికి కనిపించదు.

- బుట్ట అడుగు 3 నుంచి 5 సెం.మీ. మాత్రమే నీటిలో ఉండాలి.
- బుట్టలో కాల్చిన మట్టి గుళికలు గానీ లావా రాళ్లు గానీ నింపండి, మట్టి వద్దు.
- పీస్ లిల్లీ, అకోరస్‌ల మొవ్వు నీటి గీతకు కనీసం 2 సెం.మీ. పైన ఉండాలి. మొదటి ప్రశ్నకు, అంటే మొదలు కుళ్లడానికి, పదిలో ఎనిమిదిసార్లు జవాబు ఇదే.
- నాచు గానీ వేరు గానీ గాజు అంచు దాటి బయటకు వేలాడకుండా చూడండి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు అది తొట్టె నీటిని బొట్టుబొట్టుగా నేలపైకి దింపుతుంది.

7. అమర్చే క్రమం

1. టేపు గీత చూసుకొని అడుగు పొర పరచండి.
2. రాళ్లు, కొయ్య పెట్టండి. బరువైన రాయి ఉండే చోట అడుగు పొరను పక్కకు జరపండి, ఆ రాయి ఇసుకపై కాక, గాజుపై పరచిన పలుచని ఫోమ్ ముక్కపై ఆనాలి.
3. బుట్టలను ఖాళీగా వేలాడదీసి, ముందు నుంచి చూసి స్థానాలు సరిచేయండి. ఎత్తైనవి వెనుక మూలల్లో ఉండాలి.
4. అడుగు పొర తడిసేంత వరకే నీరు పోసి అడుగు మొక్కలు నాటండి. ఆకులు ఆరకుండా మధ్యమధ్య నీరు చిలకరించండి.
5. ఒక పళ్లెం ఉంచి, దానిపై నీరు పడేలా నెమ్మదిగా గీత దాకా నింపండి. నీటిలో క్లోరిన్‌ను తొలగించే ద్రావణం కలపండి. నీటిని ఒక రోజు నిల్వ ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ క్లోరమైన్ (కొన్ని చోట్ల కుళాయి నీటి శుద్ధికి వాడే మరో రసాయనం) పోదు, ద్రావణమే నమ్మకం.
6. ఫిల్టర్, హీటర్ నడిపి, చివరగా బకెట్‌లో సిద్ధమైన పై మొక్కలను బుట్టల్లో పెట్టండి.

హైగ్రోఫిలా, బకోపా లాంటి కాడ మొక్కలను బలవంతంగా గాలిలోకి తీయవద్దు. కత్తిరించకుండా వదిలేస్తే అవే నీటిని చీల్చుకొని పైకి వస్తాయి, గాలిలో పుట్టిన ఆకులు మందంగా, వేరే ఆకారంలో ఉంటాయి. గది గాలి పొడిగా ఉంటే ఆ చిగుళ్ల కోసం తొట్టెపై రెండు వారాలు పలుచని ప్లాస్టిక్ పొర కప్పి, రోజూ పది నిమిషాలు తీసి, ఆ వ్యవధిని క్రమంగా పెంచండి. దీనికి వ్యతిరేకంగా, గాలిలో పెంచి అమ్మిన క్రిప్టోకొరైన్ నీటిలో పెట్టగానే పాత ఆకులన్నీ కరిగిపోవచ్చు. పీకేయకండి, వేరు గట్టిగా ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ చిగురిస్తుంది.

8. దీపం

గాలిలోని ఆకుకు ఒక పెద్ద సౌలభ్యం ఉంది. నీటిలో వాయువుల వ్యాప్తి గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు నెమ్మది కాబట్టి మునిగిన మొక్క కార్బన్ డయాక్సైడ్ కోసం ఇబ్బంది పడుతుంది. పై మొక్కకు ఆ కొరత లేదు. ఫలితంగా పై మొక్క వేగంగా పెరిగి, నీటిలోని నత్రజనిని లాగేసి, వెలుతురుకు కూడా అడ్డం నిలుస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

గాజు అంచుపై ఆనించే దీపం ఇక్కడ పనికిరాదు. ఆకులు దానికి తగిలి మాడతాయి. నీటికి కనీసం 30 సెం.మీ. పైన వేలాడే, 6,500 కెల్విన్ల చుట్టుపక్కల రంగున్న, అంటే పగటి వెలుగు లాంటి తెల్లని దీపం ఎంచుకోండి. మొదటి నెల రోజుకు 6 గంటలు, తర్వాత 8 గంటలు, టైమర్ సాయంతో. పై తీగలను తొట్టె మీదికి కాక వెనక్కి, పక్కలకు మళ్లించండి. నీటి ఉపరితలంలో కనీసం సగభాగం పైనుంచి చూసినప్పుడు ఖాళీగా కనిపించాలి. అంతరతామర లాంటి తేలే మొక్కలను కూడా ఈ తొట్టెలో కలిపితే ఆ సగం మిగలదు, అందుకే నేను వాటిని వద్దంటాను.

9. చేపలు లేని వారాలు

చేపలకు విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీటిలో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) ఉండేలా కలిపి, తగ్గినప్పుడల్లా మళ్లీ కలుపుతూ పరీక్షించండి. కలిపిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టె సిద్ధం. ఆక్వా సాయిల్ వాడితే అదే మొదట్లో అమ్మోనియాను విడుదల చేస్తుంది, కాబట్టి ముందు పరీక్షించి, తర్వాతే కలపండి. పై మొక్కలు అమ్మోనియాను నేరుగా తీసుకుంటాయి, అందువల్ల నైట్రేట్ ఆశించినంత పెరగకపోవచ్చు. అది లోపం కాదు.

ఈ వారాల్లో మరిచిపోయే విషయం దోమలు. చేపలు లేని తొట్టెలో నీరు కదలకుండా ఉంటే వెచ్చని చోట వారం, పది రోజుల్లో దోమలు పుట్టుకొస్తాయి. ఫిల్టర్ ప్రవాహం ఉపరితలాన్ని కదిలిస్తూ ఉండాలి, లేదా సన్నని వల కప్పాలి.

10. చేపలు

ఈ కొలతల తొట్టెలో వాస్తవంగా ఉండే నీరు 35 లీటర్లకు మించదు. ఎనిమిది చిన్న రాస్బోరాలు, కొన్ని రొయ్యలు చాలు. హ్యాచెట్ చేపలు, కిల్లీ చేపలు ఎగరడంలో దిట్టలు, మూతలేని తొట్టెకు తీసుకురావద్దు. గోల్డ్‌ఫిష్ వేర్లను కొరికేస్తుంది, ఆ నీరు దానికి చాలదు కూడా.

చేపలు దించే ముందు సరిచూడవలసినవి:

- అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా
- నీటి మట్టం గీత దగ్గరే ఉంది
- పీల్చే గొట్టానికి స్పాంజి ఉంది
- హీటర్ పూర్తిగా మునిగి ఉంది
- బుట్టల అంచులు పదునుగా లేవు
- వేర్లకు కుళ్లు వాసన లేదు

11. వారం వారం చేయవలసినవి

మూత లేదు, పైగా ఆకులు నీటిని పీల్చి గాలిలోకి వదులుతూనే ఉంటాయి. కాబట్టి నీరు త్వరగా తగ్గడం ఈ తొట్టె స్వభావం. మూడో ప్రశ్నకు జవాబు ఇదే. కానీ తగ్గేది నీరు మాత్రమే, అందులోని లవణాలు అక్కడే మిగులుతాయి. తగ్గిన నీటిని మామూలు కుళాయి నీటితో పూరిస్తూ పోతే కాఠిన్యం నెలనెలా పెరుగుతుంది. రోజువారీ లోటును ఆర్‌ఓ నీటితో పూరించండి. వారానికోసారి 30 శాతం నీటిని మార్చేటప్పుడు మాత్రం ఎప్పటిలా క్లోరిన్ తొలగించిన కుళాయి నీరే వాడండి.

నైట్రేట్ 10 నుంచి 20 పీపీఎం మధ్య ఉంటే పై, కింది మొక్కలు రెండింటికీ సరిపోతుంది. సున్నా చూపిస్తే నీరు శుభ్రంగా ఉందని సంతోషించకండి. అడుగు మొక్కలు ఆకలితో ఉన్నాయని అర్థం. చేపల మేత ద్వారా నత్రజని, భాస్వరం కొంత అందుతాయి గానీ పొటాషియం, ఇనుము చాలవు. ఆక్వేరియం కోసం తయారైన ద్రవ ఎరువును సీసాపై చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. కుండీ మొక్కల ఎరువులు వద్దు, వాటిలోని యూరియా, అమ్మోనియం చేపలకు ముప్పు.

నెలకోసారి వేర్లను చూడండి. ఫిల్టర్ వైపు వెళ్లినవాటిని, అడుగు పొరలో దిగి అల్లుకున్నవాటిని మూడో వంతు మించకుండా కత్తిరించండి.

12. కనిపించే లక్షణం, చేయవలసిన పని

పాత ఆకుల్లో చిన్న చిల్లులు: పొటాషియం కొరత. కొత్త ఆకులు పచ్చని ఈనెలతో పసుపు రంగుకు తిరిగితే ఇనుము కొరత. పాత ఆకులు మొత్తంగా పసుపు పడితే నత్రజని చాలడం లేదు. ఎరువు పెంచండి, లేదా పై మొక్కల్లో ఒకదాన్ని తీసేయండి. రెండోదే త్వరగా ఫలితమిస్తుంది.

ఆకులపై తెల్లని మచ్చలు: చిందిన నీటి లవణాలు. తడి గుడ్డతో తుడిచి, చిందడం ఆపండి.

పిండినల్లి, పేనుబంక: ఏ పురుగుమందూ చల్లకండి, వేపనూనె కూడా వద్దు. మొక్కను బుట్టతో సహా బయటకు తీసి, నీటి ధారతో కడిగి, తుడిచి, వారం రోజులు వేరే బకెట్‌లో ఉంచి మళ్లీ చూడండి.

గాజుపై పచ్చని పాచి: దీపం గంటలు ఎక్కువై ఉంటాయి. రెండు గంటలు తగ్గించి రెండు వారాలు ఆగండి. అదే సమయంలో ఎరువు, నీటి మార్పు, దీపం మూడూ మార్చితే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

పై మొక్క ఎదుగుదల ఆగి, వేర్లు నల్లబడటం: అక్కడ నీటి ప్రవాహం లేదు, ప్రాణవాయువు చాలడం లేదు. బుట్టను ఫిల్టర్ ప్రవాహానికి దగ్గరగా జరపండి.

కత్తిరించిన కొమ్మలు, పిలకలు, ముఖ్యంగా నీటిలో పెరిగేవి, చెరువులోనో కాలువలోనో పారవేయకండి. గుర్రపుడెక్క చెరువులను ఎలా కమ్మేసిందో తెలిసినవారికి కారణం చెప్పనక్కర్లేదు. ఎండలో పూర్తిగా ఎండబెట్టి, ఆ తర్వాతే ఎరువు గుంటలో వేయండి.